అర్థం చెప్పే తొందర: ఒడిశా సరిహద్దులో అస్తిత్వ చికిత్స నేర్చుకునేవారికి

మనిషి కష్టాన్ని చావు, స్వేచ్ఛ, అర్థం లాంటి బతుకు మూల ప్రశ్నల వైపు నుంచి చూసే మాటల చికిత్స అస్తిత్వ చికిత్స (ఎగ్జిస్టెన్షియల్ థెరపీ). కౌన్సెలింగ్ సైకాలజీ ఎం.ఏ. విద్యార్థికి అది మొదట పేర్ల వరుసగా పరిచయమవుతుంది. కీర్కెగార్డ్, నీషే, హైడెగర్‌లు తత్త్వానికి. బిన్స్‌వాంగర్, మెడార్డ్ బాస్, విక్టర్ ఫ్రాంకల్, రోలో మే, ఇర్విన్ యాలమ్, ఎమీ వాన్ డ్యూర్జెన్‌లు చికిత్సకు. యాలమ్ 1980లో రాసిన పుస్తకంలో చెప్పిన నాలుగు మూల చింతలు, అంటే చావు, స్వేచ్ఛ, ఒంటరితనం, అర్థరాహిత్యం, పరీక్షకు ముందురోజు రాత్రి కూర్చుంటే వచ్చేస్తాయి. చిక్కంతా ప్రాక్టికమ్‌లో, అంటే నిజమైన మనుషుల ఎదుట కూర్చుని నేర్చుకునే శిక్షణలో, మొదలవుతుంది. ఆలోచనలు, నడవడి మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీకి ఆలోచనలు రాసుకునే పట్టికలుంటాయి, ఇంటిపని ఉంటుంది, ఏ వారం ఏం చేయాలో ఒక వరస ఉంటుంది. అస్తిత్వ చికిత్సకు అలాంటి చేతిపుస్తకం దాదాపు లేదు. పట్టుకోవడానికి ఏదీ దొరకని విద్యార్థి ఆ నాలుగు చింతలనే ప్రశ్నావళిగా మార్చుకుంటాడు. ఎదుటి మనిషి చెప్పిన ప్రతి మాటనూ నాలుగు గళ్లలో ఏదో ఒకదాంట్లో పడేసి, కేసు అర్థమైపోయిందనుకుంటాడు.

ఒడిశా దక్షిణ సరిహద్దు జిల్లాల్లో ఈ తొందర వల్ల జరిగే నష్టం బాగా కనిపిస్తుంది. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో తెలుగు ఇంటిమాటగా ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. బరంపురం బజారు సగం తెలుగులో నడుస్తుంది. గోపాలపూర్ దగ్గర్నుంచి రుషికుల్యా నది మొగ దాకా ఉన్న మత్స్యకార పల్లెల్లో పిల్లలు బడిలో ఒడియా చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. అక్కడి నుంచి వచ్చిన విద్యార్థికి సిద్ధాంతం ఇంగ్లీషులో, రోజువారీ పని ఒడియాలో, ఏడుపు తెలుగులో ఎదురవుతాయి. ఆ విద్యార్థి చేతిలో అస్తిత్వ చికిత్స చెడిపోతే, తత్త్వం సరిగా చదవకపోవడం దానికి అసలు కారణం కాకపోవచ్చు. అవతలి మనిషి కష్టంలో మార్చుకోదగ్గది ఎంత, ఎవరూ మార్చలేనిది ఎంత అన్నది తేలకముందే జీవితార్థం గురించి మాట్లాడబోవడం ఎక్కువ చేటు చేస్తుంది.

ఫ్రాంకల్‌ను అరకొరగా చదవడంతోనే ఈ చేటు మొదలవుతుంది. నాజీ శిబిరాల నుంచి ప్రాణాలతో బయటపడిన వియన్నా వైద్యుడిగా ఆయన అందరికీ తెలుసు. ఏ బాధలోనైనా అర్థం వెతుక్కోవచ్చని చెప్పిన మనిషిగా గుర్తుపెట్టుకుంటారు. దానికి ఆయన పెట్టిన షరతు మాత్రం చాలామంది నోట్సులోకి ఎక్కదు. తప్పించుకోగల బాధ అయితే ముందు దాని కారణాన్ని తొలగించడమే అర్థవంతమైన పని అని, తప్పించలేని బాధ విషయంలోనే దాన్ని ఎలా స్వీకరిస్తామన్న ప్రశ్న వస్తుందని ఆయన స్పష్టంగా రాశారు. ఈ వరస తిరగబడితే చికిత్స కాస్తా నీతిబోధ అయిపోతుంది.

గంజాం తీరంలో ఈ వరస ఎంత అవసరమో ఒక్క ఉదాహరణతో తెలుస్తుంది. ఆలివ్ రిడ్లే తాబేళ్ల రక్షణ కోసం ధామ్రా, దేవి, రుషికుల్యా నదుల మొగల దగ్గర 20 కిలోమీటర్ల మేర నవంబరు 1 నుంచి మే 31 వరకు ట్రాలర్లు, మోటారు బోట్ల వేటను ఒడిశా ప్రభుత్వం నిషేధిస్తుంది. అంటే ఏటా ఏడు నెలలు. ఆ కాలంలో కొందరు విశాఖపట్నానికో చెన్నైకో బోట్ల మీద కలాసీలుగా వెళ్తారు, కొందరు ఇంటి దగ్గరే ఉండిపోతారు. జనవరిలో అలాంటి ఒకాయన వచ్చి, నిద్ర పట్టడం లేదని, ఏ పనికీ మనసు పోవడం లేదని, బతికి ఏం లాభమని అన్నాడనుకుందాం. విద్యార్థి వెంటనే ‘అర్థరాహిత్యం’ అని రాసుకుంటే అది ఘోరమైన పొరపాటు. ఆయనకు అప్పు ఎంత ఉంది, సర్కారు ఇచ్చే జీవనభృతి చేతికందిందా, సారా ఎంత తాగుతున్నాడు, తిండి ఎన్ని పూటలు, చచ్చిపోదామన్న ఆలోచన ఉందా, ఉంటే ఎంత గట్టిగా ఉంది, ఇవన్నీ ముందు తెలియాలి. భృతి కోసం దరఖాస్తు పెట్టించడం కౌన్సెలింగ్ కాదని చిన్నచూపు చూసే విద్యార్థికి ఫ్రాంకల్ అర్థం కానట్టే.

అయితే అప్పు తీరితే అంతా తీరుతుందనుకోవడమూ సరికాదు. 1933లో ఫ్రాంకల్ వియన్నాలోని నిరుద్యోగ యువకుల గురించి ఒక పరిశీలన ప్రచురించారు. ఉద్యోగం లేదు కాబట్టి తాను దేనికీ పనికిరాడని, తాను దేనికీ పనికిరాడు కాబట్టి బతుక్కి అర్థం లేదని వాళ్లు రెండు మెట్లు దిగిపోతున్నారని ఆయన గమనించారు. యువజన సంఘాల్లో, గ్రంథాలయాల్లో, వయోజన విద్యలో జీతం లేని పనులకు వాళ్లను పురమాయిస్తే, ఆకలి అలాగే ఉన్నా కుంగుబాటు తగ్గిందని రాశారు. వేట ఆగిన ఏడు నెలల్లో మగవాడు ఇంట్లో తన స్థానం పోయినట్టు భావించడం ఈ మెట్ల మీదే. ఆ చోట అస్తిత్వ చికిత్సకు నిజంగా పని ఉంది. అప్పు, తిండి సంగతి పక్కనపెట్టి నేరుగా ఈ మెట్ల దగ్గరికి పోకూడదన్నదే ఇక్కడి హెచ్చరిక.

ఇక గదిలో జరిగే మాటల సంగతి. ఒక సెషన్ ఊహించుకుందాం. మనిషి కల్పితం, పరిస్థితి ఆ తీరంలో ఎవరికైనా వచ్చేదే. ముప్పై ఏళ్లు నిండని మత్స్యకారుడు. కిందటేడు అలల్లో తెప్ప తిరగబడి తండ్రి పోయాడు. ఎదుట ఇంటర్న్‌షిప్ చేస్తున్న అమ్మాయి.

“ఏటకెల్దామంటే కాల్లాడట్లేదు మేడమ్. ఊరుకుంటే ఇంటికాడ అమ్మ మాటాడదు,” అంటాడు అతను.

పుస్తకం మాత్రమే గుర్తున్న విద్యార్థిని అడిగేది ఇలా ఉంటుంది: “నాన్నగారు పోయాక మీకు చావంటే భయం పట్టుకుందా?”

“అదేనేమో మేడమ్.”

చదువుకున్న మనిషి చెప్పింది కాదనకూడదన్న మర్యాద ఆ జవాబులో ఉంది. కేసు రిపోర్టులో మాత్రం ‘క్లయింట్ మరణభీతిని గుర్తించాడు’ అని ఎక్కుతుంది. అదే మాటను ఇంకోలా అందుకోవచ్చు.

“కాళ్లాడట్లేదంటే, ఎక్కడిదాకా వెళ్తున్నారన్నా?”

“ఒడ్డుదాకా ఎల్తాను. వల సర్దుతాను. తెప్ప నీల్లలోకి తోసినప్పుడు సెయ్యేత్తాను. ఎక్కాల్సొచ్చేసరికి ఒగ్గేత్తాను.”

“వదిలేశాక ఏమవుతుంది?”

“మా తమ్ముడెక్కేత్తాడు. నా ఒంక సూడడు. ఆడి మొకం సూడ్డానికి నాకూ సిగ్గే.”

ఈ నాలుగు మాటల్లో చాలా బయటపడింది. అతనికి సముద్రమంటే వెగటు పుట్టలేదు, వల ముట్టుకుంటున్నాడు, తెప్ప తోస్తున్నాడు. ఆగిపోయేది ఒకే ఒక్క క్షణంలో. ఆ క్షణంలో చావు ఒక్కటే లేదు, తమ్ముడున్నాడు, సిగ్గుంది. మరణభయమన్న చీటీ ముందే అతికిస్తే తమ్ముడు ఎప్పటికీ ఆ గదిలోకి వచ్చేవాడు కాదు.

ఇలా అడగడానికి వెనక ఒక పద్ధతి ఉంది. తత్త్వవేత్త హుస్సెర్ల్ ప్రారంభించిన ఫినామినాలజీ (అనుభవాన్ని అది కనిపించినట్టుగానే వర్ణించే తత్త్వ ధోరణి) నుంచి అస్తిత్వ చికిత్సకు వచ్చిన పద్ధతి అది. అస్తిత్వ చికిత్సకుడు ఎర్నెస్టో స్పినెల్లి దాన్ని మూడు సూత్రాలుగా విప్పి చెబుతారు. తెలిసిందనుకున్నదాన్ని కాసేపు పక్కనపెట్టడం మొదటిది. వివరణ ఇవ్వకుండా వర్ణన రాబట్టడం రెండోది. వచ్చిన వర్ణనలో ఏది ముఖ్యమో ముందే తేల్చేయకుండా అన్నింటినీ ఒకే ఎత్తులో ఉంచడం మూడోది. పై సంభాషణలో చావు, తమ్ముడు, సిగ్గు, వల, అన్నీ సమానంగా ఉన్నాయి. ఈ మూడు సూత్రాలూ చేతికి పట్టుబడితే విద్యార్థి తొలి ఏడాదికి అంతకన్నా ఎక్కువ అక్కర్లేదు. నాలుగు మూల చింతల కన్నా ముందు ఈ మూడు సూత్రాలనే నేర్పాలి. సిలబస్‌లు దీన్ని తలకిందులుగా నేర్పుతున్నాయనిపిస్తుంది.

అదే మనిషి మూడో, నాలుగో సెషన్లో “ఆయేల నానెల్లాల్సింది. జొరమొచ్చి పడుకున్నాను. మా అయ్య ఎల్లాడు,” అన్నాడనుకుందాం. అలాంటి మాట వినగానే ఎవరి నోటికైనా వచ్చేది “అందులో మీ తప్పేముంది?” అన్న ఓదార్పే. మనసు మంచిదే, కానీ ఆ ఓదార్పు అతని నోరు మూసేస్తుంది. ఊళ్లో అందరూ ఆ మాట చెప్పే ఉంటారు, అది పనిచేసి ఉంటే అతను ఇక్కడికి రాడు. యాలమ్ అపరాధ భావాన్ని మూడు రకాలుగా విడదీశారు: చేయని తప్పుకు పడే వేదన ఒకటి, నిజంగా చేసిన తప్పుకు పడేది ఒకటి, తన జీవితాన్ని తానే బతకకుండా వదిలేసినందుకు లోపల కుళ్లబొడిచేది మూడోది. ఈ మూడింటిలో ఏది ఉందో, లేక ఎన్ని కలిసి ఉన్నాయో తెలియాలంటే ఆ రోజు గురించి నిదానంగా వినాలి. జ్వరం ఎప్పుడొచ్చింది, తండ్రి ఏమన్నాడు, ఎవరు ఎవర్ని లేపారు. అలా చెప్పుకుంటూ పోతే తండ్రి తన ఇష్టంతోనే బయల్దేరాడన్న సంగతి అతని నోటి నుంచే రావచ్చు. తప్పు తనది కాదని ఒకరు చెప్పడానికీ, ఆ రోజు తండ్రి కూడా తన నిర్ణయం తాను తీసుకున్న మనిషేనని తానే చూడడానికీ చాలా తేడా ఉంది. లేదా నిజంగానే జ్వరం లేకుండా బద్ధకించి పడుకున్నానని బయటపెట్టవచ్చు. అప్పుడు ఆ తప్పును చిన్నది చేయకుండా, ఇకముందు దాన్ని పెట్టుకుని ఎలా బతకాలన్న దగ్గర అతనితో కూర్చోవాలి. ఇది కష్టమైన పని. ఇరవై రెండేళ్ల విద్యార్థికి మరీ కష్టం.

ఆందోళన విషయంలో రోలో మే చేసిన విభజన ఈ తీరానికి అచ్చంగా సరిపోతుంది. క్షయతో శానటోరియంలో చావుబతుకుల మధ్య గడిపిన మే, ఆందోళన మీద 1950లో రాసిన పుస్తకంలో సహజమైన ఆందోళనను, రోగంగా మారిన ఆందోళనను వేరు చేశారు. ముప్పు ఎంత ఉందో అంతకు తగ్గట్టుండి, మనిషిని ఏదో ఒక పనికి పురికొల్పేది మొదటిది. ముప్పుకు మించి పెరిగి, మనిషిని ముడుచుకుపోయేలా చేసేది రెండోది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. ఏడాది తిరిగేసరికి సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్ విశాఖను తాకింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర ఒడ్డెక్కి గజపతి కొండల్లో ప్రాణాలు తీసింది. దసరా వస్తుందంటే గుండె దడదడలాడుతోందని అక్కడి ఇల్లాలు చెబితే, అతిగా ఊహించుకుంటోందని పట్టికలో టిక్కు పెట్టడం అన్యాయం. ఆమె భయానికి తేదీలున్నాయి. రేషన్ కార్డు, పట్టాకాగితాలు ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టుకునేంత భయం ఆమెకు మేలే చేస్తుంది. ఆ సంచి కట్టాక కూడా పిల్లల్ని ఏ రోజూ బడికి పంపలేకపోతుంటే అది చికిత్స అవసరమైన చోటు. రెండింటినీ విడదీయడానికి విద్యార్థికి ఆ ఊరి గాలివానల చరిత్ర తెలిసుండాలి. గంజాం తీరంలోని పొదంపేటలో సముద్రం ముందుకొచ్చి ఇళ్లు మింగితే జనం వెనక్కి జరగాల్సి వచ్చిన సంగతి తెలియనివాళ్లు, ‘ఇల్లు పోతుందన్న భయం’ అన్న మాటను ప్రతీకగా చదివి బోల్తా పడతారు.

స్వేచ్ఛ గురించి మాట్లాడేటప్పుడు ఇంకో రకం జాగ్రత్త కావాలి. మనిషి తాను ఎంచుకోని కాలంలోకి, ఎంచుకోని ఇంట్లోకి విసిరేసినట్టు వచ్చి పడతాడని, ఉన్న చోటు నుంచే తన దారి వేసుకోవాలని హైడెగర్ 1927లో రాశారు. గంజాం తెలుగువాళ్లకు ఇది చదివి తెలుసుకోవాల్సిన పని లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రావిన్సు అయినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నవాళ్లు ఇల్లు కదలకుండానే హద్దుకు అవతలివాళ్లయ్యారు. రాష్ట్రం, బడి, ఉద్యోగం, ఏ భాషలో ఏ పరీక్ష రాయాలన్నది, ఇవన్నీ వాళ్ల తరవాతి తరాలకు పుట్టుకతో వచ్చిన షరతులు. గుణుపురంలో ఇంజనీరింగ్ చదువుతున్న అమ్మాయి వచ్చి, శ్రీకాకుళంలో ఉన్న మేనమామ కొడుకుతో పెళ్లి కుదిర్చారని, తనకు పై చదువుకు వెళ్లాలని ఉందని చెప్పిందనుకుందాం. పాశ్చాత్య పుస్తకాల్లోంచి వచ్చిన విద్యార్థి కౌన్సిలర్ చెవికి ఇది ‘తనకు తాను నిజాయితీగా ఉండటం’ అన్న పాఠంలా వినిపిస్తుంది. ఇంట్లోవాళ్లను ఎదిరిస్తే ధైర్యం, ఒప్పుకుంటే పారిపోవడం అన్న లెక్క వేసుకుంటాడు.

ఆ లెక్క తప్పు. వాన్ డ్యూర్జెన్ మనిషి బతికే లోకాన్ని నాలుగు తలాల్లో చూస్తారు: శరీరం, ప్రకృతితో ఉండేది ఒకటి, తోటివారితో ఉండేది ఒకటి, తనతో తాను ఉండేది ఒకటి, విలువలు, విశ్వాసాలతో ఉండేది ఒకటి. మేనరికం పెళ్లి ఒప్పుకోవడమో కాదనడమో ఈ నాలుగింటిలోనూ ఒక్కో ధర అడుగుతుంది. అమ్మను నొప్పించకుండా ఉండటం ఆ అమ్మాయికి నిజంగానే విలువైనది కావచ్చు. చికిత్స చేయాల్సిందల్లా, ఏ దారి పట్టినా ‘వాళ్లు చేశారు’ అనే చోటు నుంచి ‘నేను ఇది చూసుకునే ఒప్పుకున్నాను’ లేదా ‘నేను కాదన్నాను’ అనే చోటుకు ఆమె రాగలదా అన్నది చూడటం. ఒత్తిడి బెదిరింపు దాకా వెళ్తే అది అస్తిత్వ సమస్య కాదు, రక్షణ సమస్య. అక్కడ చట్టం, మహిళా హెల్ప్‌లైన్, సూపర్‌వైజర్ ముందుకు రావాలి.

దేవుడి మాట వచ్చినప్పుడు కూడా విద్యార్థులు తడబడతారు. చావు భయాన్ని తప్పించుకోవడానికి మనిషి వాడే రెండు రక్షణలను యాలమ్ వర్ణించారు: నాకు ప్రత్యేకంగా ఏమీ కాదన్న నమ్మకం ఒకటి, నన్ను కాచే రక్షకుడున్నాడన్న నమ్మకం మరొకటి. తెప్ప ఎక్కేముందు గంగమ్మ తల్లికి దండం పెట్టేవాడిని వెంటనే రెండో గడిలో వేసేస్తారు. యాలమ్ తనను నాస్తికుడిగానే చెప్పుకున్నారని, ఆయన వర్గీకరణలో ఆ దృష్టి ఉందని గుర్తుంచుకుంటే ఈ తొందర తగ్గుతుంది. అదే సంప్రదాయంలోని రోలో మే, పాల్ టిల్లిచ్ అనే మత తత్త్వవేత్తకు శిష్యుడు, స్నేహితుడు. ఒకే మొక్కు ఒకడికి లైఫ్ జాకెట్ వేసుకోకపోవడానికి సాకు అవుతుంది, ఇంకొకడికి తండ్రి పోయిన నీళ్లలోకి మళ్లీ దిగే బలం అవుతుంది. మొక్కాక ఏం చేశాడన్నది అడిగితేనే తెలుస్తుంది. ‘అంతా రాత’ అన్నవాళ్ల విషయమూ అంతే.

విద్యార్థి తన సంగతి తాను చూసుకోకుండా ఈ పని సాగదు. అమ్మమ్మ చావును ఇంకా జీర్ణించుకోని విద్యార్థి, క్లయింట్ చావు మాట ఎత్తగానే తెలియకుండానే మందుల గురించో నిద్ర గురించో అడిగేస్తాడు. దీన్ని పట్టుకోవడానికి ఉన్న పాత పద్ధతే ఇప్పటికీ మంచిది: సెషన్ అయిన వెంటనే మాటకు మాట గుర్తున్నంత రాసుకుని, తాను విషయం మార్చిన ప్రతిచోటా గీత పెట్టుకుని సూపర్‌వైజర్ ముందు కూర్చోవడం. క్లయింట్ ఉత్తరాంధ్ర యాసలో మాట్లాడితే ఆ యాసలోనే రాయాలి. శుభ్రమైన ఇంగ్లీషులోకి మార్చి రాసిన నోట్సులో “ఎక్కాల్సొచ్చేసరికి ఒగ్గేత్తాను” లాంటి మాట మిగలదు. ఆ మాట లేకపోతే ఆ కేసే లేదు. సూపర్‌వైజర్‌కు తెలుగు రాకపోతే పక్కన అనువాదం రాసి చూపించొచ్చు, మూలం మాత్రం ఉండాలి.

ఈ చికిత్స ఎంతవరకు పనిచేస్తుందన్నది కూడా నిజాయితీగా తెలుసుకోవాలి. 2015లో వోస్, క్రెయిగ్, కూపర్ అనే పరిశోధకులు చాలా అధ్యయనాల ఫలితాలను కలిపి లెక్కగట్టి చేసిన మెటా అనాలిసిస్‌లో, అర్థం చుట్టూ ఒక పద్ధతి ప్రకారం సాగే చికిత్సలకు మంచి ఫలితాలు కనిపించాయి. ఇతర అస్తిత్వ చికిత్సలకు ఆధారం బలహీనంగా ఉంది, చేసిన అధ్యయనాలూ కొద్దే. న్యూయార్క్‌లో విలియం బ్రైట్‌బార్ట్ క్యాన్సర్ రోగుల కోసం ఫ్రాంకల్ ఆలోచనల మీద కట్టిన అర్థకేంద్రిత చికిత్స ఇలా పద్ధతి ప్రకారం సాగేదే. కాబట్టి తీవ్రమైన కుంగుబాటుకో, మతిభ్రమణకో, సారా మానేసినప్పుడు వచ్చే వణుకుకో అస్తిత్వ సంభాషణ మందు కాదు. అలాంటివాళ్లను బరంపురంలోని ఎం.కె.సి.జి. వైద్య కళాశాల మానసిక విభాగానికో, దగ్గర్లోని జిల్లా ఆసుపత్రికో పంపాలి. చావు ఆలోచనలు చెప్పిన మనిషిని చావు తత్త్వంలోకి తీసుకెళ్లే ముందు అతని ప్రాణానికి ఎంత ప్రమాదముందో తేల్చుకోవాలి. ఇంట్లో పురుగుమందు ఉందా అని నేరుగా అడగాలి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416 నంబరును రాసిచ్చి, ఆ గదిలోనే ఒకసారి చేయించి చూపిస్తే ఇంకా మంచిది. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని, వేరే విధంగా రుజువైతే తప్ప, తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలని, శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. పోలీసు కేసు భయంతో దాచుకునే కుటుంబాలకు ఈ సంగతి చెప్పి తీరాలి.

చివరగా ముగింపు సెషన్ల మాట, ఎందుకంటే విద్యార్థులు అందరికన్నా ఎక్కువగా చెడగొట్టేది దీన్నే. ప్రాక్టికమ్ సెమిస్టర్‌తో ముగుస్తుంది. ఆ సంగతి క్లయింట్‌కు ఆఖరి వారం తెలిస్తే, తండ్రిని అకస్మాత్తుగా పోగొట్టుకున్న మనిషికి ఇంకొకరు అకస్మాత్తుగా మాయమైనట్టే. ఫలానా నెల దాకానే ఉంటానని మొదటి సెషన్లోనే తేదీతో చెప్పాలి. మధ్యలో ఒకసారి గుర్తుచేయాలి. ఆఖరి రెండు సెషన్లు ఆ విడిపోవడం గురించే మాట్లాడాలి: ఏం మిగిలిపోయింది, ఏం చెప్పకుండా ఉండిపోయాడు, కోపమొచ్చిందా. క్లయింట్ “పర్లేదు మేడమ్, మీరెల్లండి” అని మర్యాదగా దాటేస్తే అక్కడ ఆగి, ఇంకోసారి అడగాలి. తరవాత వచ్చే కౌన్సిలర్‌కు ఇచ్చే కాగితాన్ని ముందు క్లయింట్‌కు తెలుగులో చదివి వినిపించి, అతను వద్దన్న వాక్యాన్ని తీసేసి, తమ్ముడి సంగతి అందులో ఉండొచ్చో లేదో అతన్నే అడిగి, అప్పుడు సంతకం పెట్టించుకోవాలి.